ఒకదాని మీద ఒకటి పడుకునే రెండు ఇగ్వానాలు: ఒక కేసు

ఇగ్వానా (ఆకులు తినే పెద్ద బల్లి జాతి జంతువు) పెంచుకుంటున్నవాళ్లు నా దగ్గరికి వస్తే ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అడుగుతారు: "డాక్టర్ గారూ, ఒక్కటే ఉంటే బెంగ పెట్టుకోదా? తోడుగా ఇంకోటి తెచ్చుకోమంటారా?" ఒకప్పుడు "వద్దండీ, కొట్టుకుంటాయి" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకునేదాన్ని. చాలామంది నమ్మేవాళ్లు కాదు. వాళ్లు చూసిన ఇగ్వానాలు కొట్టుకోలేదు మరి. ఈ కేసు తర్వాత నా జవాబు మారింది. కొట్టుకోవడం అనేది అన్నిటికంటే చివర జరిగే పని, దానికి చాలా నెలల ముందే నష్టం మొదలవుతుంది. ఈ సంగతి నాకు అర్థం కావడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో నేను తీసుకున్న నిర్ణయాల్లో మూడు తప్పు. వాటితో సహా రాస్తున్నాను.

కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వాళ్లెవరో తెలిసే వివరాలు తీసేశాను. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండే ఇల్లు, తల్లి, తండ్రి, ఇంటర్ చదివే అమ్మాయి. ఇంతవరకు తెలిస్తే చాలు.

పూర్వాపరాలు

రెండూ ఆకుపచ్చ ఇగ్వానాలే. ఒకే రోజు, ఒకే షాపులో, ఒకే తొట్టిలోంచి తెచ్చుకున్నారు. అప్పటికి జానెడు పిల్లలు. "జోడీ ఇస్తున్నాం, ఒకటి మగది, ఒకటి ఆడది" అని షాపువాళ్లు చెప్పారట. కాస్త చురుగ్గా ఉన్నదానికి పెద్దోడు అని, రెండోదానికి చిన్నది అని పేర్లు పెట్టేశారు. ఆ వయసు ఇగ్వానాని పైనుంచి చూసి మగో ఆడో చెప్పడం ఎవరి వల్లా కాదు. షాపు మాటని ఇంటివాళ్లు నమ్మారు. ఇంటివాళ్ల మాటని నేను నమ్మి కేసు షీటు మీద అలాగే రాసుకున్నాను. దీని గురించి ముందు ముందు చెబుతాను.

నాలుగడుగుల గాజు పెట్టె. పైన ఒక మూల వేడి బల్బు, దాని పక్కనే యూవీబీ ట్యూబు (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు ఇచ్చే లైటు), కింద ఒక కొమ్మ, ఒక తిండి గిన్నె. రెండేళ్లుగా రెండూ అందులోనే ఉన్నాయి. ఒక్కసారి కూడా కరుచుకోలేదు. అమ్మాయి ఫోన్‌లో నిండా వాటి ఫొటోలే. పెద్దోడు చిన్నదాని మీద అడ్డంగా పడుకుని, మెడ మీద చెయ్యి వేసి, ఇద్దరూ బల్బు కింద. "చూడండి, ఎప్పుడూ ఒకదాని మీద ఒకటే పడుకుంటాయి, అంత దోస్తీ" అంది. నేనూ నవ్వి, ముద్దుగా ఉన్నాయన్నాను.

మొదటిసారి: జులై

చిన్నది ఎదగడం లేదని తీసుకొచ్చారు. మూతి నుంచి మలద్వారం దాకా కొలిస్తే పెద్దోడు 31 సెంటీమీటర్లు, బరువు 1,020 గ్రాములు. చిన్నది 22 సెంటీమీటర్లు, 310 గ్రాములు. ఒకే ఈడు పిల్లల్లో ఇంత తేడా. చిన్నదాని తోక మొదట్లో తుంటి ఎముకలు పైకి తేలి ఉన్నాయి. కింది దవడని వేళ్ల మధ్య పట్టి నొక్కితే కొంచెం వంగింది. బల్ల మీద నడిపిస్తే వెనక కాళ్లలో సన్నటి వణుకు. ఎక్స్‌రేలో ఎముకలు పలచగా కనిపించాయి.

సరీసృపాల వైద్యంలో ఎవరైనా మొదట చెప్పే పేరే నేనూ చెప్పాను: మెటబాలిక్ బోన్ డిసీజ్. తిండిలో కాల్షియం చాలకపోయినా, ఒంటికి యూవీబీ తగలక విటమిన్ డి3 తయారుకాకపోయినా ఎముకల్లోంచి కాల్షియం కరిగిపోతుంది. ఈ ఇంట్లో రెండు కారణాలూ కళ్లెదుటే ఉన్నాయి. రోజూ పాలకూర, దోసకాయ, క్యాబేజీ పెడుతున్నారు. పాలకూరలోని ఆక్సలేట్లు ఉన్న కాస్త కాల్షియాన్నీ ఒంటబట్టనివ్వవు. యూవీబీ ట్యూబు కొని రెండేళ్లు. ట్యూబు వెలుగుతూనే ఉంటుంది కానీ అందులో యూవీబీ ఏడాదిలోపే బాగా తగ్గిపోతుంది. పైగా దాన్ని గాజు మూత మీద పెట్టారు. మామూలు గాజు యూవీబీని దాదాపుగా ఆపేస్తుంది.

కాల్షియం సిరప్ రాశాను. ట్యూబు మార్పించి గాజు తీయించి జాలీ పెట్టించాను. తిండిలో మునగాకు, అవిసాకు, మందార ఆకులు, పువ్వులు, మల్బరీ ఆకు, కొంచెం తురిమిన గుమ్మడికాయ. మన ఊళ్లలో ఇగ్వానా తిండికి ఏ కొరతా లేదు, పెరట్లో పెరిగేవే చాలు. పొద్దున్న ఒక గంట బాల్కనీలో జాలీ బుట్టలో ఎండకి పెట్టమన్నాను.

ఇక్కడ నేను అడగవలసిన ప్రశ్న ఒకటి అడగలేదు. రెండూ అదే పాలకూర తింటున్నాయి, అదే పాత ట్యూబు కింద ఉంటున్నాయి. మరి పెద్దోడి దవడ రాయిలా ఎందుకుంది? మగది, మొదట్నుంచీ గట్టిపిండం అనుకుని సరిపెట్టుకున్నాను. చిన్నది ఆడది కాబట్టి కొంత చిన్నగా ఉండటం మామూలే అనుకున్నాను. కేసు షీటు మీద రాసుకున్న ఆ ఒక్క మాట నా ఆలోచనకి అడ్డుపడింది.

ఆరు వారాల తర్వాత

పెద్దోడు 1,110 గ్రాములు. చిన్నది 314.

నేను రాసిన మంచి తిండి, కొత్త లైటు పెద్దోడికి బ్రహ్మాండంగా పనిచేశాయి. జబ్బుపడ్డదానికి మాత్రం నాలుగు గ్రాములు. దానికి నోట్లో పోసే సిరప్ ఒక్కటే తిన్నగా అందుతోంది, వణుకు కొంచెం తగ్గింది కూడా. పురుగులేమైనా ఉన్నాయేమోనని మలం పరీక్ష చేశాను, ఏమీ దొరకలేదు. రక్తంలో కిడ్నీ జబ్బు సూచనలు లేవు. క్లినిక్‌లో ఉంచి చూద్దామన్నాను.

తొమ్మిది రోజులు ఉంచాను. మొదటి రెండు రోజులు కదల్లేదు, ట్యూబుతో తిండి పట్టించాను. మూడో రోజు మధ్యాహ్నం మందార పువ్వు పెడితే రేకులు ఒక్కొక్కటీ చింపి పువ్వంతా తినేసింది. తర్వాత రోజూ బల్బు వేయగానే కొమ్మెక్కి, రెండు గంటలు ఒళ్లు పరిచి కాచుకుని, దిగొచ్చి తినేది. వెళ్లేనాటికి 338 గ్రాములు. అందులో కొంత కడుపులో ఉన్న మేత బరువే అనుకున్నా, జంతువు తీరే మారిపోయింది. ట్యూబు ఫీడింగ్‌తో తేరుకుంది, ఇక దారిలో పడుతుంది అని రాసుకున్నాను.

మూడు వారాల తర్వాత 316.

క్లినిక్‌లో నేను మార్చింది తిండి పట్టించే పద్ధతి ఒక్కటే కాదు. నాకు తెలియకుండానే దాని పక్కనుంచి పెద్దోడిని తీసేశాను. ఆ తొమ్మిది రోజులూ చిన్నది రెండేళ్లలో మొదటిసారి ఒంటరిగా ఉంది. ఈ మాట నాకు తట్టింది ఆ 316 చూశాకే. ఆసుపత్రిలో తిని ఇంట్లో తినని జంతువుకి ఒంట్లో రోగమే ఉండనక్కర్లేదని మాకు చదువుకునే రోజుల్లోనే చెబుతారు. కుక్క విషయంలో అయితే నేను మొదటి రోజే అడిగేదాన్ని, ఇంట్లో ఇంకో కుక్క ఉందా, గిన్నె దగ్గర గుర్రుమంటుందా అని. ఇగ్వానా గుర్రుమనదు. అందుకని అడగలేదు.

వీడియోలో కనిపించింది

దసరా సెలవుల్లో ఒక రోజంతా వీడియో తీయమన్నాను. అమ్మాయి ఫోన్‌ని చార్జర్‌కి పెట్టి, పుస్తకాల దొంతరకి ఆనించి, పొద్దున్న లైటు వేసిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా తీసింది. గదిలో మనిషి ఉండొద్దన్నాను, మనిషి ఉంటే అవి వేరేలా ఉంటాయి. రాత్రి కూర్చుని చూశాను. కొన్ని చోట్ల పదిసార్లు వెనక్కి తిప్పి చూశాను.

లైటు పడ్డ ఐదు నిమిషాలకి పెద్దోడు కొమ్మ మీద సరిగ్గా బల్బు కిందికి చేరాడు. చిన్నది కింద మూలనుంచి నెమ్మదిగా ఎక్కింది. సగం దాకా వచ్చాక పెద్దోడు లేచి, గంగడోలు కిందికి చాపి, రెండుసార్లు తల ఊపాడు. అంతే, చిన్నది ఆగిపోయింది. అతని వైపున్న కన్ను మూసుకుంది, రెండోది తెరిచే ఉంది. అలా నాలుగు నిమిషాలు. తర్వాత పొట్ట కొమ్మకి ఆనించి పాకుతూ బల్బు అంచుకి చేరింది. పెద్దోడు వచ్చి దాని మీద అడ్డంగా పడుకున్నాడు, మెడ మీద చెయ్యి వేసి. అచ్చంగా అమ్మాయి ఫొటోల్లో ఉన్నట్టే.

పైనున్నవాడికి వేడీ యూవీబీ రెండూ పడుతున్నాయి. కింద ఉన్నదాని మీద పడుతున్నది అతని నీడ.

మూడు నిమిషాల్లో చిన్నది జారుకుని కిందికి పోయింది. రోజంతా ఇలా ఏడుసార్లు ఎక్కి దిగింది. అన్నీ కలిపితే బల్బు కింద గడిపింది పదిహేను నిమిషాలు కూడా లేదు. తిండి పెట్టగానే పెద్దోడు వచ్చి మెత్తటి ఆకులు, పువ్వులు, గుమ్మడి తురుము తినేశాడు. అతను కునుకు తీశాక, మధ్యాహ్నం మూడింటికి చిన్నది గిన్నె దగ్గరకొచ్చింది. అప్పటికి మిగిలింది మునగ కాడలు, వాడిపోయిన నాలుగు ఆకులు. తింటూ తింటూ నాలుగుసార్లు తలెత్తి కొమ్మ వైపు చూసింది.

రోజు మొత్తంలో ఒక్క కాటు లేదు, తరమడం లేదు, తోకతో కొట్టడం లేదు. ఇంటివాళ్లు చెప్పింది అక్షరాలా నిజం.

మర్నాడు థర్మామీటర్ పెట్టి చూడమన్నాను. బల్బు కింద 37 డిగ్రీలు, చిన్నది ఉండే మూలలో 26. ఇగ్వానాకి ఆకులు అరగాలంటే పెద్ద పేగులో సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టాలి. దానికి ఒంట్లో వేడి కావాలి, ఆ వేడి బయటి నుంచే రావాలి. 26 డిగ్రీల మూలలో కూర్చున్న ఇగ్వానా తిన్న కాస్తా కూడా సరిగా ఒంటబట్టదు. నేను వైద్యం రాసింది పెట్టెకి. అది పెద్దోడికి చేరింది.

మన గోడల మీద తొండలు చేసేది కూడా ఇదే. చిన్నప్పుడు తొండ తల ఊపితే మనల్ని వెక్కిరిస్తోందని రాళ్లు వేసేవాళ్లం. అది వెక్కిరింత కాదు, ఈ గోడ నాది అని చెప్పడం. పక్క గోడ మీది తొండకి అది అర్థమవుతుంది, తప్పుకుపోతుంది. దానికి పోవడానికి ఇంకో గోడ ఉంది. గాజు పెట్టెలో చిన్నదానికి ఇంకో గోడ లేదు.

అడవిలోనూ ఇగ్వానాలు కలిసుంటాయి కదా అని అమ్మాయి చదువుకుని వచ్చి అడిగింది. మంచి ప్రశ్న. పనామాలో గటున్ సరస్సులోని బారో కొలరాడో దీవి దగ్గర 1970ల్లో చేసిన పరిశీలనల్లో, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు గుంపులుగా కదలడం, ఒకదానికొకటి ఆనుకుని నిద్రపోవడం నమోదైంది. పక్షులూ పాములూ తినేసే వయసులో గుంపుగా ఉండటం వాటికి లాభం. షాపు తొట్టిలో పది పిల్లలు ప్రశాంతంగా కనిపించడానికి కారణం అదే. వయసుకొచ్చాక లెక్క మారిపోతుంది. పెద్ద మగది ఒక చెట్టు పైభాగాన్ని పట్టుకుని, ఆడవాటిని రానిచ్చి, మిగతా మగవాటిని తరిమేస్తుంది. తరిమితే పోయేంత అడవి అక్కడ ఉంది.

రెండో ప్రయత్నం: పెద్ద పెట్టె

అప్పుడే విడదీయమని గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. కారణాలు రాస్తాను, ఎందుకంటే రేపు ఇంకో డాక్టర్‌కి కూడా ఇవే కారణాలు సబబుగా తోస్తాయి. అమ్మాయి ఏడ్చింది, "రెండేళ్లనుంచి కలిసున్నవి, వేరు చేస్తే చచ్చిపోతాయి" అని. ఇల్లు చిన్నది. మగ, ఆడ అయితే కలిపి ఉంచడం పూర్తిగా అసాధ్యం కాదన్న మాట చాలా చోట్ల ఉంది. గొడవ అంతా ఒకే బల్బు, ఒకే గిన్నె వల్లే కదా, రెండేసి పెడితే పోటీ ఉండదు కదా అని నాకనిపించింది.

వడ్రంగిని పిలిపించి, ప్లైవుడ్, జాలీతో ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తున పెట్టె చేయించారు. చెరో మూల బల్బు, యూవీబీ, మూడు ఎత్తుల్లో అరలు, రెండు గిన్నెలు. ఇరవై ఎనిమిది వేలు అయింది. మధ్యతరగతి ఇల్లు, నా మాట మీద ఖర్చుపెట్టారు.

అక్టోబర్ అంతా బాగుంది. చిన్నది 338కి వచ్చింది. నాకు చాలా సంతోషం వేసింది. ఇదే ఫార్ములా అని ఇంకో ఇద్దరికి చెప్పాను కూడా. ఆ ఇద్దరికీ తర్వాత ఫోన్ చేసి మాట వెనక్కి తీసుకున్నాను.

నవంబర్ మూడో వారంలో పెద్దోడి ముంగాళ్లు, మెడ ముల్లులు నారింజ రంగు తిరిగాయి. మగ ఇగ్వానాకి జతకట్టే కాలం వచ్చిందని గుర్తు. తిండి తగ్గించాడు. రోజంతా ఒక మూలనుంచి ఇంకో మూలకి తిరగడం, రెండు బల్బుల దగ్గరా తొడలు రాసి గుర్తు పెట్టడం. రెండు చోట్లు పెడితే చెరోటి పంచుకుంటాయని నేను అనుకున్నది మనుషుల లెక్క. పెట్టె మొత్తం పెద్దోడి కంటికి ఆనుతోంది. కంటికి ఆనినంత మేరా అతనిదే. నేను అతనికి ఇంకో బల్బు చేర్చానంతే.

ఒక శనివారం పొద్దున్న ఏడున్నరకి ఫోన్ వచ్చింది. గంటలో వచ్చారు. చిన్నదాన్ని తువ్వాలులో చుట్టి తల్లి ఒళ్లో పెట్టుకుంది. గాయాల మీద పసుపు అద్దారు, చేతులనిండా పసుపూ నెత్తురూ. అమ్మాయి చేతిలో స్టీలు టిఫిన్ బాక్సు ఉంది. మూత తీస్తే ఐసు ముక్కల మీద తోక. పద్దెనిమిది సెంటీమీటర్లు. "అతికిస్తారు కదా?" అంది. ఆ బాక్సు ఇప్పటికీ నా కళ్లముందు ఉంటుంది.

కుడి ముంజేతి మీద లోతైన కాటు, ఒక వేలు నలిగి ఎముక బయటపడింది, మెడ మీద చిన్న కోతలు. ఇగ్వానా పళ్లు చిన్నవే అయినా అంచులు రంపంలా ఉంటాయి, పట్టి తల విదిలిస్తే చర్మం చీరుకుపోతుంది. మత్తిచ్చి పసుపంతా కడిగాను, ముంజేతికి కుట్లు వేశాను, ఆ వేలు తీసేయాల్సి వచ్చింది. తోకకి కుట్లు వేయలేదు. ఇగ్వానా తోక ఎముకల్లో తెగడానికి వీలుగా సహజంగానే గీతలుంటాయి. అలా తెగినచోట కుట్టి మూసేస్తే కొత్త తోక రాదు. శుభ్రంగా ఉంచి వదిలేయాలి. నొప్పికి మెలాక్సికామ్, ఇన్‌ఫెక్షన్ రాకుండా మూడు రోజులకోసారి సెఫ్టాజిడిమ్ ఇచ్చాను.

మత్తులో ఒళ్లు వదులుగా ఉన్నప్పుడు తోక మొదలు కింద మెల్లగా నొక్కి చూశాను. జులైలోనే చేయాల్సిన పని. రెండు వైపులా హెమిపీనిస్, అంటే మగ బల్లుల జననాంగాలు, బయటికొచ్చాయి.

చిన్నది మగది.

రెండేళ్లుగా ఒక మగదాన్ని ఇంకో మగదాని కింద పెట్టి, సంసారం అనుకున్నాం అందరం. పెద్ద మగదాని నీడలో ఉన్న చిన్న మగవాటికి బుగ్గలు పెరగవు, రంగు రాదు, తొడల మీది రంధ్రాలు చిన్నగా ఉండిపోతాయి, చూడటానికి ఆడదానిలా కనిపిస్తాయి. పోల్చుకోలేకపోవడానికి కారణం ఉంది. పరీక్ష చేయకపోవడానికి మాత్రం నా దగ్గర ఏ కారణమూ లేదు. జులైలో తెలిసి ఉంటే పెద్ద పెట్టె మాటే వచ్చేది కాదు.

మూడో తప్పు: గాజు అడ్డం

ఈసారి విడదీయమనే చెప్పాను, కానీ సగమే. ఇరవై ఎనిమిది వేలు పెట్టించిన పెట్టె వృథా అవుతుందన్న బాధ నాలోనే ఎక్కువగా ఉంది. మధ్యలో గాజు పలక బిగిస్తే రెండు ఇళ్లు అవుతాయి, కాటు పడదు అన్నాను.

కాటు పడలేదు. పెద్దోడు గాజుకి ముక్కు రాసి రాసి మూతి చర్మం పోగొట్టుకున్నాడు. చిన్నది కుట్లు మానుతున్నా, సొంత బల్బు, సొంత గిన్నె ఉన్నా, మళ్లీ కింది మూలకే చేరింది. రెండు వారాల్లో 331 నుంచి 318కి దిగింది. కొరికేది పళ్లే అయినా, రెండేళ్లుగా దాన్ని అణిచి ఉంచింది చూపే అని వీడియోలో నేనే చూశాను. చూసి కూడా, గాజు చూపుని ఆపదన్న చిన్న విషయం మర్చిపోయాను.

అమ్మాయి నా కంటే ముందు పట్టుకుంది. ఒక సాయంత్రం గాజుకి పాత క్యాలెండర్ కాగితాలు అంటించి ఫోటో పంపింది, "ఇలా చేస్తే పర్లేదా డాక్టర్ గారూ?" అని. నాలుగో రోజు చిన్నది బల్బు కిందికి ఎక్కింది. అప్పుడు వేరే గది మాట మాట్లాడాం.

చివరికి పనిచేసింది

సంక్రాంతి లోపు చిన్నదానికి అమ్మాయి గదిలో కిటికీ పక్కన వేరే పెట్టె పెట్టారు. పెద్ద పెట్టె పెద్దోడికే ఉంది. ఒకదానికొకటి కనిపించవు. ఒకదాని కొమ్మ ఇంకోదాని పెట్టెలో పెట్టరు, ఎందుకంటే తొడల రంధ్రాల నుంచి వచ్చే మైనం వాసన కొమ్మ మీద ఉంటుంది. ఒకదాన్ని పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కునే రెండోదాన్ని పట్టుకుంటారు. సరీసృపాల నుంచి సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా మనకి అంటకుండా ఇది ఎలాగూ చేయాల్సిందే. బాల్కనీ ఎండకి వంతులు పెట్టుకున్నారు. హైదరాబాద్ డిసెంబర్, జనవరి రాత్రులు ఇగ్వానాకి బాగా చలి, అందుకని రెండు పెట్టెల్లోనూ వెలుగు లేని సెరామిక్ హీటర్లు ఇన్వర్టర్‌కి కలిపి పెట్టించాను. ఆదివారం ఆదివారం వంటింటి డిజిటల్ కాటా మీద బరువు చూసి నోటు పుస్తకంలో రాస్తారు.

మందులు మారలేదు. తిండి జులైలో చెప్పిందే. మార్చికి 402 గ్రాములు, జులైకి 560, నవంబర్‌కి 790. పొడవు 28 సెంటీమీటర్లు. దవడ గట్టిపడింది, ఎక్స్‌రేలో ఎముకలు నిండుగా ఉన్నాయి. బుగ్గలు వచ్చాయి. తోక మళ్లీ మొలిచింది, ముల్లులు లేకుండా, ముదురు రంగులో, మునుపటంత పొడవు లేకుండా.

మధ్యలో ఇంకో రెండు దారులు ఆలోచించాం. పెద్దోడికి వృషణాలు తీసేయడం ఒకటి. కాలం మొదలయ్యాక ఆపరేషన్ చేస్తే ఆ ఏటి కోపం వెంటనే తగ్గదు. చోటు కోసం పోటీ జతకట్టే కాలంతోనే ముడిపడి లేదు, ఈ ఇంట్లో అది జులైలోనూ ఉంది. ఆరోగ్యంగా ఉన్న జంతువుని కోసి, ఆ తర్వాత కూడా వేరుగానే ఉంచాల్సి వస్తే ఆ ఆపరేషన్‌కి అర్థం లేదు. వద్దన్నాను.

రెండోది, ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయడం. తండ్రి ముందు అదే అన్నారు. ఇది తప్పేం కాదు, కానీ కాగితాలు ఉండాలి. ఇగ్వానా సైటిస్ (వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్న జంతువు. 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన సవరణతో ఇలాంటివి కొత్త నాలుగో షెడ్యూల్ కిందికి వచ్చాయి. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, చేతులు మారినా చనిపోయినా ఆ సమాచారం ఇవ్వాలి. ఇవన్నీ ఎందుకని చెరువు గట్టున వదిలేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఫ్లోరిడాలో, ప్యూర్టోరికోలో, తైవాన్‌లో ఇప్పుడు వేలకొద్దీ ఇగ్వానాలని పట్టుకోవాల్సి రావడానికి పెంపుడువి తప్పించుకోవడం, వదిలేయడమే పెద్ద కారణం.

ఇప్పుడు నేను అడిగేవి, చెప్పేవి

రెండు ఇగ్వానాలున్న ఇల్లు అనగానే, దేనికి జబ్బు చేసిందన్నది తర్వాత, ముందు రెండింటినీ తూస్తాను, రెండింటికీ మగో ఆడో నేనే చూస్తాను. ఒక రోజు వీడియో అడుగుతాను. కాట్లు ఉన్నాయా అని అడగడం దాదాపు మానేశాను. బల్బు వేసిన మొదటి గంటలో ఎవరు ఎక్కడున్నారు, గిన్నెలో మెత్తటిది ఎవరు తిన్నారు అని అడుగుతాను. ఒకటి ఎప్పుడూ కింద, ముదురు రంగులో, ఒక కన్ను మూసుకుని ఉంటే, నా పరీక్షలన్నీ పక్కన పెట్టి ముందు రెండు వారాలు వేరే గదిలో ఉంచమంటాను. ఖర్చులేని పరీక్ష. ఈ కేసులో క్లినిక్‌లో తొమ్మిది రోజులు అదే జరిగింది, దాన్ని చదవడం నాకు రాలేదు.

కలిపి ఉంచొచ్చా అంటే, రెండు మగవైతే ఏ పెట్టెలోనూ వద్దు. మగా ఆడా అయితే, కాలం వచ్చినప్పుడు మగది మెడ పట్టి పట్టి ఆడదాన్ని గాయపరుస్తుంది. దానికి దాక్కునే చోటు ఇంట్లో ఇవ్వడం చాలా కష్టం. పైగా ఏటేటా గుడ్లు. మగది లేకపోయినా ఆడవి గుడ్లు పెడతాయి, అవి లోపల ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆ భారం చాలదని ఇంకోటి చేర్చడం ఎందుకు? రెండు ఆడవి, ఒకే సైజువి, ఒక గది అంత చోటు, ఒకదానికొకటి కనిపించని రెండు మూడు ఎండ చోట్లు, వారం వారం బరువు, అవసరమైతే వెంటనే విడదీయడానికి ఇంకో పెట్టె సిద్ధంగా ఉంటే, కొన్ని ఇళ్లల్లో నడుస్తోంది. ఆ రెండో పెట్టె పెట్టే స్థోమత, చోటు ఉన్నవాళ్లకి మొదట్నుంచీ వేరుగా పెట్టడమే తేలిక అని నా మాట.

తోడు లేకపోతే బెంగ పెట్టుకుంటుందన్న భయం గురించి. విడదీసిన తర్వాత ఈ రెండింటిలో ఏదీ తిండి మానలేదు, వెతుక్కోలేదు. అమ్మాయి మాత్రం ఒక నెల బెంగపడింది. ఒకదాని మీద ఒకటి పడుకున్న ఫొటోలు డిలీట్ చేయాలా అని నన్ను అడిగింది. ఉంచుకోమ్మా అన్నాను. వాటిలో రెండు నా దగ్గర కూడా ఉన్నాయి, కొత్తగా వచ్చే వాళ్లకి చూపించి ఏం కనిపిస్తోందో చెప్పమంటాను.

పోయిన నవంబర్‌లో చిన్నదాన్ని బరువు చూడటానికి తెచ్చారు. ముంగాళ్ల మీద లేత నారింజ రంగు వచ్చింది. పేరు ఇంకా చిన్నదే, మార్చలేదు. బల్ల మీద దించాక ముందు కాళ్ల మీద లేచి, గంగడోలు చాపి, నా వైపు చూస్తూ మూడుసార్లు తల ఊపింది. అది అలా చేయడం ఇంట్లోవాళ్లు కూడా అంతకుముందు చూడలేదట. అమ్మాయి ఫోన్ తీసేలోపు ఆపేసింది.